మేనేజర్‌కు వేసిన మందు

ఒక నత్త, ఒక చేప, ఒక దుకాణదారుడి మంచిపేరు. ఒకే ఎండాకాలంలో ఈ మూడింటినీ ముంచిన మొనగాణ్ని నేను. మా గోదావరిఖని కాలనీలో మాత్రం తప్పు ఇంకా పెంపుడు చేపల దుకాణం రాజేశందే అనుకుంటున్నారు. అందుకే ఈ రాత. మీరు నవ్వుకోండి, నేను తలదించుకుంటాను.

నేను బొగ్గుగనిలో ఓవర్‌మన్‌ని. షిఫ్టులో కార్మికుల పని, భద్రత చూసేవాణ్ని. అమ్మాయి చదువు కోసం నా భార్య స్వరూప కరీంనగర్‌లో ఉంటోంది. క్వార్టర్‌లో మిగిలింది నేనూ, అద్దాల తొట్టిలో ఒక గోల్డ్‌ఫిష్, ఒక నత్త. పొట్ట ముందుకేసుకుని, ఎవరినీ ఖాతరు చేయకుండా తిరిగేది కాబట్టి చేపకు ‘మేనేజర్’ అని పేరు పెట్టాను. షిఫ్టు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా దానికి రిపోర్టు ఇచ్చేవాణ్ని. అసలు మేనేజర్ కంటే ఓపిగ్గా వినేది.

ఒకరోజు దాని ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు. రాజేశం దగ్గరికి పరిగెత్తాను.

“పురుగు పట్టిందన్నా. గీ రాగి మందు ఎయ్యి. గాని జర పైలం! రాళ్లు, ఇసుక పోను నీళ్లెన్నో లెక్కగట్టి గంతకే ఎయ్యాలె. గీ టెస్టు కిట్టుతోని చూస్కుంట ఉండాలె. నత్తకు రాగి పడది, వేరే బకెట్ల ఎయ్యి.”

“ఎండకు నీళ్లు తగ్గుతె?”

“ఉత్త నీళ్లే పొయ్యి. నీళ్లు ఆవిరైతయి గాని రాగి యాడికీ పోదు.”

“నాకే చెప్తున్నవా తమ్మీ? గనిల మందికి జాగ్రత్తలు చెప్పేటోన్ని!”

అక్కడే వచ్చింది చిక్కు. గనిలో బొగ్గు దుమ్ముకు నిప్పంటుకోకుండా దాని మీద రాతిపొడి చల్లుతాం. కొత్త దుమ్ము పడుతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ చల్లుతూనే ఉండాలి. ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే ప్రాణాలమీదికొస్తుంది. ఇన్నేళ్లుగా ఒంటబట్టిన బుద్ధి ఇంటికొచ్చాక ఊరుకుంటుందా? మా రామగుండం ప్రాంతపు ఎండకు తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా నీళ్లు పోశాను, నీళ్లతో పాటు మందూ పోశాను. టెస్టు కిట్టు డబ్బా విప్పనేలేదు. నత్తను తీస్తే మేనేజర్ ఒంటరివాడైపోతాడని దాన్నీ తీయలేదు. అది అద్దం మీంచి జారిపడి కదలకుండా ఉంటే, నిద్రపోతోందనుకున్నాను.

తర్వాత మేనేజర్ మాటిమాటికీ పైకొచ్చి, నా వైపు నోరు తెరుస్తూ మూయసాగాడు. పొంగిపోయి స్వరూపకు వీడియో కాల్ చేశాను.

“చూడు, నాతోని మాట్లాడుతున్నడు!”

“మాట్లాడుడు కాదు, ఊపిరాడక కొట్టుకుంటున్నది! గా నీళ్లు మార్చు జల్ది!”

నీళ్లు మార్చాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

దుఃఖం కోపమైంది. పాత నీళ్లు సీసాలో పట్టుకుని దుకాణం మీదికి పోయాను. జనం నిండుగా ఉన్నారు. రాజేశం ఆ నీళ్లలో టెస్టు చుక్కలు వేస్తే చిక్కటి రంగు తేలింది.

“అన్నా, ఇవి నీళ్లు కావు, మందే! ఎన్నిసార్లు ఏసినవ్?”

“ఒక్కసారే! నీ మందే కల్తీది!” అని అరిచాను.

జనం నన్నే నమ్మారు. ఆ తర్వాత మా కాలనీవాళ్లు అటువైపు పోవడమే మానేశారు. నాకూ ఇంట్లో రిపోర్టు వినేవాడు లేడు. ఖాళీ తొట్టిని చూస్తూ అన్నం తినేవాణ్ని.

చివరికి ఉండబట్టలేక పోయి నిజం చెప్పాను. రాజేశం తొట్లు తుడవడం ఆపలేదు.

“గా ముచ్చట నాకెర్కనే. మందికి చెప్పు.” తర్వాత ఒక చిన్న చేపను కవర్లో వేసి చేతికిచ్చాడు. “రోగమొస్తె ఫోన్ చెయ్యి. రాకున్నా చెయ్యన్నా. చేపకు నీ ముచ్చట్లన్నీ ఎందుకు, పాపం.”

మందికి చెప్పడం ఇదిగో, అయింది. ఇక నా శపథం: ఈ కొత్త మేనేజర్ పైకొచ్చి నోరు తెరిస్తే, ముందు నీళ్లు పరీక్షిస్తాను. ఆ తర్వాతే, నాతో మాట్లాడుతున్నాడని మురిసిపోతాను.