అవ్వ చీర అంచు, ఆగిపోయే కంప్యూటర్

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ఉందంటే కొత్తల్లుడు దిగినంత హడావిడి. దాని దగ్గరికి చెప్పులతో పోకూడదు, తడిచేతులతో ముట్టకూడదు, అది పనిచేస్తున్నప్పుడు గట్టిగా తుమ్మకూడదు (ఈ చివరి నియమం మా నాయన సొంతంగా చేర్చినది). నేను వనపర్తిలో డిగ్రీతో పాటు ఒక కంప్యూటర్ కోర్సు కూడా చదివి గద్వాలకు తిరిగొచ్చిన ఏడాది, ఎవరో ఆఫీసు మూసేస్తుంటే వాళ్ళు వాడిన కంప్యూటర్ ఒకదాన్ని నాయన ఆటోలో వేసుకొచ్చాడు. మాకు ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో వంట, పడక, మా అవ్వ (నాయన తల్లి) మంచం. రెండోదాంట్లో నాయన నేసే గుంట మగ్గం, దాని పక్కన మా చిన్నమ్మ నూలు కండెలు చుట్టే రాట్నం. కంప్యూటర్‌ను ఆ మగ్గం గదిలోనే ఓ మూలకు పెట్టాం. దరఖాస్తులూ పెళ్ళిపత్రికలూ టైపు చేసి నేను ఇంటిని ఉద్ధరిస్తానని అందరి నమ్మకం. వాడకట్టులో నన్ను ‘ఇంజనీరమ్మ’ అనేవాళ్ళు. కాదని నేనెప్పుడూ అనలేదు.

చిన్నమ్మ భర్త, అంటే నాయన తమ్ముడు, మా చిన్నాయన అప్పటికే మగ్గం దిగిపోయాడు. కళ్ళలో నీటికాసులు. కర్నూలు దవాఖానలో డాక్టరు పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ అన్నాడట. చుట్టూ చీకటి, మధ్యలో గొట్టంలోంచి చూసినంత వెలుతురు, అంతే ఆయనకు మిగిలింది. వాడలో అంచులు నేయడంలో పేరున్న మనిషి పొద్దంతా గోడకానుకొని, అన్న పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసిరే చప్పుడు వింటూ కూర్చునేవాడు. పోగు తెగితే ఆ చప్పుడులోనే తెలిసేది ఆయనకు. “తెగింది చూడన్నా” అనేవాడు. నాయన మగ్గం ఆపి ముడి వేసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం నేను ఎవరిదో పెళ్ళిపత్రిక మీద వినాయకుడి బొమ్మను పెద్దది చేస్తుంటే చిన్నాయన నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. తెర మీద తొండం అంతా గడులు గడులుగా కనబడుతోంది. “గా గడులు నాకు కనబడ్తున్నయి బిడ్డా” అన్నాడు మెల్లగా. డిజైన్ గీసే గ్రాఫ్ కాగితం మీద గడులు ఆయనకు కనబడక చాలా కాలమైంది. తెర మీద ఒక్కో గడిని శనగగింజంత చేయొచ్చు, పైగా వెనక నుంచి వెలుగు. ఆయన నా చెవి దగ్గర వంగి, “అవ్వ పెండ్లి చీర అంచు నాకు యాదికుంది. నా చిన్నప్పుడు సందూక పెట్టెల ఉండె. చినిగిపోయి బొంతల కలిసింది. అసుంటి అంచు ఇప్పుడెవ్వరు నేస్తలేరు. కండ్లు మొత్తం పోకముందే అది గీయాలె. నేను చెప్త, నువ్వు గియ్యి. అవ్వకు చెప్పకు, నేసినంక కప్పుదం” అన్నాడు.

మరునాడే మొదలుపెట్టాం. ఒక గడి అంటే ఒక పోగు. ఆయన కళ్ళు మూసుకొని చెబుతాడు, నేను రంగు నింపుతాను, ఆయన కళ్ళు తెరిచి ముక్కు తెరకు ఆనించి చూస్తాడు. “ఎర్ర, ఎర్ర, ఇడువు, పచ్చ.” అట్లా అంచులో మొదటి చిలక తోక సగం వచ్చిందో లేదో, కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ ఆగింది. గీసిందంతా పోయింది. అప్పట్నుంచి ప్రతి వరుసకూ సేవ్ చేయాలని ఆయనకు నేర్పాను. ఆయనకది ‘సేవ’ అని వినబడింది. “సేవ చేసినవా బిడ్డా?” “చేసిన చిన్నాయనా.” పక్క గదిలోంచి ఇది వింటున్న మా అవ్వ, చూపు పోతున్న కొడుక్కు మనవరాలు ఎంత సేవ చేస్తోందో అని ఇరుగుపొరుగుకు చెప్పుకొని కళ్ళు తుడుచుకునేది.

ఆగిపోవడం మాత్రం ఆగలేదు. మొదట కరెంటును అనుమానించాం, కానీ బల్బు వెలుగుతూనే ఉండేది. ప్లగ్గు వదులుగా ఉందని నాయన కాగితం మడిచి దూర్చాడు. తర్వాత టీవీకి వాడే స్టెబిలైజర్ తెచ్చి పెట్టాం, దాని గుర్రుగుర్రుకు అవ్వకు నిద్రపట్టలేదు, కంప్యూటర్ మాత్రం హాయిగా ఆగిపోయింది. కరెంటు పనివాడు వచ్చి, “ఇంటికి ఎర్తింగే లేదు, ఇంక ఎట్ల నడుస్తది?” అన్నాడు. పెరట్లో గుంట తవ్వి బొగ్గులూ ఉప్పూ వేసి తీగ పాతాడు, రోజూ నీళ్ళు పోయమన్నాడు. అవ్వ తులసికి పోసినంత భక్తిగా పొద్దున్నే దానికీ ఒక చెంబు పోసేది. (దండం కూడా పెట్టేదని చిన్నమ్మ చెప్పింది, నేను చూడలేదు.) ఇవేవీ పనిచేయకపోతే బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అన్నను పిలిపించాను. ఆయన ఏ జబ్బుకైనా ఒకే మందు వేసేవాడు కాబట్టి ఊళ్ళో ఆయన పేరు ‘ఫార్మాటన్న’. కాసేపు అటూ ఇటూ నొక్కి, “వైరస్. ఉన్నదంత తుడిచి ఫార్మాట్ కొట్టాలె” అన్నాడు. బొమ్మను ఫ్లాపీలోకి ఎక్కించి ఆయన చేతికి కంప్యూటర్ అప్పగించాను. పని అయ్యాక ఫ్లాపీ పెడితే అది కరకరమంది తప్ప తెరుచుకోలేదు. ఇంకోసారి పెట్టాను. తుడిచి పెట్టాను. ఫార్మాటన్న సామాను సర్దుకుంటూ, “ఫ్లాపీలు గట్లనే ఉంటయమ్మా” అన్నాడు.

గోడకానుకొని కూర్చున్న చిన్నాయనకు బొమ్మంతా పోయిందని ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పకముందే ఆయనకు అర్థమైంది. అప్పటికి అంచు దాదాపు ముప్పావు వంతు అయ్యింది. నాయన మగ్గం ఆపాడు. “మల్ల గీద్దం తియ్యి” అన్నాడు చిన్నాయన. కానీ ఆ రోజు అన్నం తినలేదు.

రెండోసారి చెప్పడం వేరుగా ఉంది. మొదటిసారి చిలకలు ఎదురెదురుగా ఉండేవి, ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి. “మొదలు గట్ల చెప్పలేదు కదా చిన్నాయనా?” అంటే, “ఏమో బిడ్డా, ఇప్పుడు గిట్లనే కనబడ్తున్నయి” అనేవాడు. అయినా కంప్యూటర్ మమ్మల్ని కూర్చోనిస్తే కదా. ఆయన చూపు తగ్గుతుంటే, ఇది రోజూ మధ్యలోనే కళ్ళు మూసేది. నాకు ఏడుపొచ్చేది. ఇంజనీరమ్మను కాబట్టి పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

అప్పుడు గమనించాను. పొద్దున అది ఎక్కువసేపు నడుస్తోంది. మధ్యాహ్నం పెట్టిన కాసేపటికే పోతోంది. ఆగిన వెంటనే పెడితే ఇంకా తొందరగా పోతోంది. డబ్బా మీద చేయి పెడితే ఇస్త్రీపెట్టెలా ఉంది. కోర్సులో మాకు డబ్బా విప్పడం నేర్పలేదు, బొమ్మ గీసి భాగాలు చూపించారంతే. దేవుడికి దండం పెట్టి పక్క రేకు ఊడదీశాను. లోపల యంత్రమేదీ కనబడలేదు. అంతా దూది. నూలు పొట్టు, పట్టు పీచు, దుమ్ము కలిసి పిచ్చుక గూడులా పేరుకుపోయి ఉంది. దాన్ని వేళ్ళతో తీస్తే కింద ఒక చిన్న ఫ్యాను బయటపడింది, పాపం తిరగడానికి సందు లేక ఎప్పుడో ఊరుకుంది. లోపల చల్లబరిచే దిక్కులేక, వేడి తట్టుకోలేక కంప్యూటర్ తనంతట తాను ఆగిపోతోందన్నమాట.

మేమంతా చుట్టూ మూగాం. చిన్నమ్మ ముఖం వాడిపోయింది. “ఇదంత నా రాట్నం దూదే. నా మొగుని పని నేనే ఖరాబ్ చేసిన్నా ఇన్ని దినాలు” అంది. చిన్నాయన చేయి చాచి ఆ దూది ఉండను తీసుకొని నలిపి చూశాడు. “దూదితోనే కద మనం బతుకుతున్నది. దాన్నేం అనకు” అన్నాడు. నాయన సైకిల్ పంపు తెచ్చి గాలి కొట్టాడు. ఫ్యాను తిరిగింది. కంప్యూటర్‌ను పడక గదిలోకి మార్చాం. దాని కోసం అవ్వ మంచం అరుగు మీదికి పోయింది. “నా మొగుడు ఉన్నప్పుడు కూడ నన్నెవ్వరు బయట పండబెట్టలే” అని అవ్వ ఆ ఎండాకాలమంతా అంటూనే ఉంది.

అంచు పూర్తయింది. దాన్ని చూసి, ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు కొట్టించి నాయన మగ్గానికి ఎక్కించాడు. చీర కోసి మగ్గం మీంచి తీసేనాటికి చిన్నాయనకు వెలుతురు ఎటుందో మాత్రమే తెలిసేది. అంచును బొటనవేలితో మొదట్నుంచి చివరిదాకా తడిమి, “అవ్వకు కప్పి రాపో” అని నన్ను పంపాడు.

అవ్వ అరుగు మీద చీరను ఒళ్ళో పరుచుకొని ఎంతోసేపు చూసింది. “ఎవరిదే ఇది?” అంది. నీ పెండ్లి చీర అంచేనన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. “నా చీరకు చిలుకలేడివి పిచ్చిదానా. ఒక్క ఎర్ర గీత ఉండె, అంతే. బీదోళ్ళ పెండ్లి.” అని లోపలివైపు చూసి గొంతు తగ్గించి, “వానికి చెప్పకు” అంది. ఆ వయసులో నేను ఎవరు తప్పు చెప్పినా దిద్దేదాన్ని. ఆ రోజు మాత్రం కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళాను.

“ఏమన్నది?” అన్నాడు చిన్నాయన.

“గదే అంచు అన్నది.”

ఆయన నవ్వాడు. చూపు పోవడం మొదలైనప్పట్నుంచి అలా నవ్వడం నేను చూడలేదు. “అవ్వ మంచిది. మొదలు గీసినప్పుడు జర ఎవరెవరి చీరలో యాదికొచ్చి కలిసినయి. అది పోయినంక ఇంక నాకేం యాదికి రాలే బిడ్డా. రెండోసారి చెప్పినదంత నాదే. ఎవ్వరి చీర మీద లేదు. నాదని చెప్తె, కండ్లు లేనోడు ఏం గీస్తడంటరని అవ్వ పేరే ఉండనిచ్చిన.”

ఇప్పుడు అవ్వ లేదు, చిన్నాయనా లేడు. ఆ చీర నా దగ్గరుంది. పెళ్ళిళ్ళకు కట్టుకుంటే ఎవరో ఒకరు అంచు పట్టుకొని ఇదెక్కడిదని అడుగుతారు. ‘మా అవ్వ పెండ్లి చీర అంచు’ అని, చిన్నాయన పెట్టిన పేరే చెబుతాను. చెప్పి, ఇంత వయసొచ్చాక ఇంత నున్నగా అబద్ధమాడడం నేర్చినందుకు, కొంగు సర్దుకుంటూ నాలో నేనే కొంచెం నవ్వుకుంటాను.