వాల్వు దగ్గర నిలబడే మనిషి

మోటార్లు, పంపులు అనవసరంగా కరెంటు తాగుతున్నాయా అని కొలిచి చెప్పడం నా వృత్తి. ఇరవై ఏళ్లు ఈ పనికి ఇద్దరం వెళ్లేవాళ్లం, నేనూ శేషగిరీ. ఒకరు స్టార్టరు దగ్గర, ఒకరు వాల్వు దగ్గర. మోటారు హోరులో ఒకరు అంకె అరిస్తే, రెండోవాళ్లు దాన్ని తిరిగి అరిచి అప్పుడు రాసుకోవాలి. అది శేషగిరి పెట్టిన నియమం. తిరిగి చెప్పని అంకెను కాగితం మీదకు రానిచ్చేవాడు కాదు, అంత మొండిఘటం. మొన్న మాఘమాసంలో గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత నేను ఏ పనీ ఒప్పుకోలేదు. దివిసీమలో ఒక ఊరి ప్రెసిడెంటుగారు మాత్రం వదల్లేదు, మూడుసార్లు ఫోన్ చేశారు. మంచినీళ్ల పథకం కరెంటు బిల్లు బాగా పెరిగిందట. పంపు ఆపరేటరు దొంగచాటుగా మోటారు వేసి ఎవరి చేపల చెరువుకో నీళ్లు వదులుతున్నాడని ఊరంతా అనుకుంటున్నారట. బుధవారం సాయంత్రం పంచాయతీలో కూర్చుని అతన్ని పనిలోంచి తీసేస్తారట. ఒక మనిషి కూడు సంగతి కదా అని ఆ బుధవారం పొద్దున్నే బయల్దేరాను.

బందరులో పొద్దున్న ఐదున్నర బస్సెక్కితే ఏడుకల్లా గుడివాడలో దిగుతారు, టిక్కెట్టు యాభై రూపాయలు. బందరు నుంచి చల్లపల్లి మీదుగా దివిసీమకు నేరుగా బస్సులున్నాయి, మీరు ఆ దారినే వెళ్లండి. నాకు ఈ చుట్టుదారి తప్పలేదు, మీటర్లు గుడివాడలో శేషగిరి ఇంట్లో ఉండిపోయాయి. వాళ్లావిడ వాటిని తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి సిద్ధంగా ఉంచింది. "మీతో ఎవరొస్తున్నారు అన్నయ్యగారూ?" అని అడిగింది. "ఎవరూ లేరమ్మా" అన్నాను. టిఫిను చేసి వెళ్లమంటే ఆకలి లేదని అబద్ధం చెప్పి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. ఖాళీగా ఉన్న వాడి కుర్చీ ఎదుట కూర్చుని తినడం నా వల్ల కాదు.

గుడివాడ నుంచి పామర్రు వెళ్లి, అక్కడ మారితే కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సు దొరుకుతుంది. నిలబడకుండా వెళ్లాలంటే తొమ్మిదిలోపు ఎక్కాలి. నేను కిటికీ పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ సంచీ పక్క సీట్లో పెట్టాను. ఆ సీటుకి మనిషున్నారా అని కండక్టరు అడిగాడు. ఉన్నాడని నోటిదాకా వచ్చింది. సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను, ఎవరో కూర్చున్నారు. అవనిగడ్డలో షేరాటో ఎక్కి పది రూపాయలిస్తే ఆ ఊళ్లో దించాడు. పంపుహౌసు ఎక్కడని అడిగితే, నాంచారయ్య దగ్గరికా, ఆయనతో ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదండి అన్నాడు డ్రైవరు.

నాంచారయ్యే ఆ ఆపరేటరు. యాభై దాటిన సన్నటి మనిషి. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు, తను గోడ పక్కన నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ అనుమానంగానే ఉంది. అతను చెప్పిందేమంటే, పాత మోటారు కాలిపోతే కిందటేడు పంపుతో సహా కొత్తది, ఇంకా పెద్దది తెచ్చి బిగించారట. వాల్వు పూర్తిగా తెరిస్తే లోడు పెరిగి మోటారు ఆగిపోతోందట. అందుకని బిగించినవాళ్లే రెండున్నర చుట్ల దగ్గర తెల్ల పెయింటు గీత పెట్టి, ఇది దాటి తెరవొద్దని చెప్పి వెళ్లారట.

వాల్వుకు ముందొకటి, తర్వాతొకటి నీటి ఒత్తిడి చూపే గేజీలు బిగించాను. మోటారు వేసి, స్టార్టరు దగ్గర ఆంపియర్ల మీటరు చూసి, "నలభై రెండు!" అని అరిచి ఆగిపోయాను. ఎవరూ తిరిగి చెప్పలేదు. ఎవరి కోసం ఆగానో అప్పుడు తెలిసింది. మోటారు ఆపి, నాంచారయ్యకు శేషగిరి నియమం వివరించి వాల్వు దగ్గర నిలబెట్టాను.

"ముందు నాలుగండీ!" అని అరిచాడు. "ముందు నాలుగు" అని తిరిగి చెప్పి రాసుకున్నాను. "తర్వాత ఒకటిన్నరండీ!" "ఒకటిన్నర." ఒక్కో చుట్టుకూ అలాగే చేశాం. ఊరి ట్యాంకుకు నీళ్లెక్కడానికి ఒకటిన్నర ఒత్తిడి చాలు. నాలుగు పుట్టించే పంపు తెచ్చి పెట్టి, మిగతాదంతా మూసిన వాల్వు దగ్గరే వృథా చేస్తున్నారు. తర్వాత గంటకు కరెంటు మీటరు ఎంత తిరుగుతోందో చూసి, ఆయన పుస్తకంలో రాసుకున్న గంటలతో లెక్కేశాను. బిల్లుతో సరిపోయింది. ఆ మనిషి ఒక్క గంట కూడా దొంగతనంగా మోటారు వేయలేదు.

నాలుగింటికి పంచాయతీ ఆఫీసులో కాగితం చదివి వినిపించాను. అయితే పెద్ద మోటారు తెచ్చిన మాదే తప్పంటారా అన్నారు ప్రెసిడెంటుగారు. అంతేనండి అన్నాను. పంపు లోపల నీటిని విసిరే చక్రం అంచు తరిగిస్తే వాల్వు బార్లా తెరుచుకోవచ్చు, ఆ తర్వాత చిన్న మోటారు సరిపోతుంది అని చెప్పాను. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. రేపు ఎప్పట్లాగే పనిలోకి రా అని మాత్రం నాంచారయ్యతో అన్నారు.

నాంచారయ్య నాతో రోడ్డు దాకా వచ్చాడు. సంచీ మోస్తానంటే ఇచ్చాను. ఆటో వచ్చేదాకా నాతోనే నిలబడ్డాడు. ఎక్కాక సంచీ అందిస్తూ అన్నాడు, "నేను చెప్పింది మీరు మళ్లీ చెప్పి రాసుకున్నారండి. ఈ మూణ్ణెల్లలో నా మాట ఎవరూ అట్టా తీసుకోలేదు."

అవనిగడ్డ నుంచి బందరుకు ఆరున్నరకు బస్సుంది. తిరుగు ప్రయాణంలో పక్క సీటు ఖాళీగానే ఉంది, సంచీ అందులో పెట్టుకున్నాను. శేషగిరి లేని లోటు ఈ ఒక్క రోజుతో తీరేది కాదు, తీరాలని కూడా నాకు లేదు. అంకెల్లో పొరపాటు రాకుండా ఆ నియమం పెట్టాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మోటారు హోరులో ఇరవై ఏళ్లు నా ప్రతి మాటా ఒకడు విన్నాడని బస్సులో తట్టింది. రిపోర్టులో కొలిచినవారు అన్నచోట ఎప్పుడూ రెండు పేర్లుంటాయి. నా పేరు కింద నాంచారయ్య అని రాశాను.

ఇలాంటి పని మీద ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. గేజీలు రెండు తీసుకెళ్లండి, వాల్వు దగ్గర అక్కడ పనిచేసే మనిషినే నిలబెట్టండి. అతను చెప్పిన అంకెను పైకి తిరిగి చెప్పి, అప్పుడే రాయండి.