ఏడింటి మెయిలుకు జవాబు

పోయిన గురువారం పొద్దున కమాన్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. "మా అన్న పోయిండు మేడం. మీకు చెప్పాలె అనిపిచ్చింది," అన్నాడు అవతలి మనిషి. ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. అన్న అంటే ఎవరో మాత్రం వెంటనే తెలిసిపోయింది. కమాన్‌పూర్‌లో నాకున్నది ఒక్క మనిషే.

ఆఫీసులో అందరూ ఆయన్ని బాబాయి అన్నట్టు కాక అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసే పని కాదు ఆయనది. గోదావరిఖనిలో మా బొగ్గు ఆఫీసు నుంచి బయటికెళ్ళే ప్రతి ఈమెయిలూ కొన్నేళ్ళపాటు ఆయన కళ్ళముందు నుంచే వెళ్ళింది. అంతకుముందు గనిలో దిగి పనిచేశారు. నడుము దెబ్బతిన్నాక దీపాల గదికి మార్చారు. గనిలో దిగేవాళ్ళకు టోపీ దీపాలిచ్చి, షిఫ్టు దిగాక తిరిగి తీసుకునే చోటది. అక్కడే ఖాళీ దొరికినప్పుడు టైపింగ్ నేర్చుకుని, ఆ తర్వాత మా కంప్యూటర్ సెక్షన్‌కు వచ్చారు.

నేను గోదావరి జిల్లా నుంచి ఇంజినీరుగా వచ్చాను. హోదా నాది, పెద్దరికం ఆయనది. సర్వర్ గదిలో ఏసీ చలికి నడి వేసవిలో కూడా మంకీ క్యాపు పెట్టుకునేవారు. పొద్దున రాగానే యంత్రం మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి, చెవి పెట్టి వినేవారు. గనిలో పైకప్పును కర్రతో తట్టి, గట్టిగా ఉందో లేదో చప్పుడుని బట్టి చెప్పేవాళ్ళట. "కంప్యూటర్‌కు అలా తెలియదు కాకా," అని నేను నవ్వితే, "నీకు తెల్వకపోతే దానికి తెల్వదా?" అనేవారు.

ఒకసారి మా కంప్యూటర్లలో ఒకదానికి వైరస్ పట్టి, మా పేరుతో ఊరంతా చెత్త ఉత్తరాలు పంపింది. దాంతో బయటివాళ్ళు మా మెయిళ్ళు తీసుకోవడమే మానేశారు. అప్పుడు గేట్‌వే పెట్టాం. లోపలి నుంచి పోయే ప్రతి మెయిల్నీ ఆపి, చూసి, మంచిదైతే వదిలే యంత్రమది. దానికి నిబంధనలు రాసింది నేనే. అనుమానం వస్తే చెరిపేయమని రాశాను. పని తేలిగ్గా అయిపోయిందని మురిసిపోయాను కూడా.

రెండు వారాల తర్వాత ఒక సంగతి బయటపడింది. గనిలో కాలు నలిగిన ఒక కార్మికుణ్ణి హైదరాబాద్ పంపారు. అతని వైద్యానికి అనుమతి కాగితం ఇక్కడి నుంచి మెయిల్లో పోవాలి. స్కాన్ చేసిన బొమ్మ పెద్దదైందని నా నిబంధన దాన్ని చెరిపేసింది. పంపినవాళ్ళు చేరిందనుకున్నారు. అక్కడ అతని భార్య రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుంది.

కాక అరవలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"తీసేసినమని పంపినోనికి ఎట్ల తెలుస్తది?"

"తెలియదు కాకా."

"గట్లయితే గది తనిఖీ గాదు బిడ్డా, దొంగతనం. గని మొగదల మాకూ జేబులు తడుముతరు. బీడీ దొరికితే మనిషికి చూపిచ్చి తీసుకుంటరు."

ఆ కార్మికుడి భార్యకు ఫోను నా చేతనే చేయించారు. తప్పు నాదని చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఇప్పుడన్న వచ్చిందా అమ్మా?" అని మాత్రం అడిగింది.

అప్పటి నుంచి మా గేట్‌వే ఏదీ చెరపలేదు. ఏదైనా ఆపితే, ఆపానని పంపినవాళ్ళకు చెప్పేది. ఆపినవాటిని కాక ఒక్కొక్కటిగా చూసి వదిలేవారు. ఇంకో ఏర్పాటు కూడా ఆయనదే. మొదటి షిఫ్టు ఎక్కే ఏడు గంటలకు గేట్‌వే తనంతట తాను ఆయన సొంత చిరునామాకు ఒక మెయిలు పంపాలి. దారి బాగుందో లేదో తెలియడానికి. ఆయన నాకు ఇంగ్లిష్ అక్షరాల్లో "అందింది" అని జవాబిస్తారు.

"దీపం తీస్కపోయినోడు తిరిగిచ్చేదాక నాకు డ్యూటీ దిగినట్టు గాదు," అన్నారొకసారి చాయ్ సాసర్లో పోసుకుంటూ. "షిఫ్టు దిగినంక గూడ దీపం తగిలిచ్చే కొక్కెం ఖాళీగున్నదనుకో, దీపం ఏడ పోయిందని ఎతుకుతమా? మనిషి ఏడున్నడని ఎతుకుతం."

రిటైరై కమాన్‌పూర్ వెళ్ళిపోయాక కూడా ఆ మెయిలు ఆపలేదు. ఆయనా జవాబు మానలేదు. భార్య అప్పటికే పోయింది. ఒక్కరే ఉండేవారు, తమ్ముడి ఇల్లు రెండు వీధుల అవతల. రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీదికి వచ్చిన రోజుల్లో నాతో ఎవరూ గొడవపడలేదు. కాకపోతే చాయ్‌కి వెళ్తూ నన్ను పిలవడం తగ్గింది. నేను గది లోపలికి వస్తే మాట ఆగేది. అలాంటి రోజుల్లో పొద్దున్నే నా కోసం వచ్చే మాట ఒక్కటే, అందింది. రాష్ట్రం వచ్చిన రోజు మాత్రం దాని పక్కన ఇంకొంచెం ఉంది. "పోతవా, ఉంటవా బిడ్డా?" "ఉంటాను కాకా," అని రాశాను. "అందింది," అని వచ్చింది.

ఇక రాయడానికి చేయి రాని సంగతి రాయాలి. ఫోను రావడానికి ముందు మూడు రోజులు జవాబు రాలేదు. మొదటి రోజు తొమ్మిదింటికి గమనించాను. గేట్‌వే చూశాను. మెయిలు వెళ్ళింది, అవతల చేరింది. రెండో రోజు నిబంధనలన్నీ మళ్ళీ చదివాను. మూడో రోజు, కమాన్‌పూర్‌లో నెట్ పోయి ఉంటుందనుకున్నాను. ఫోను నా బల్ల మీదే ఉంది.

మొదటి రోజు పొద్దున్నే వాకిట్లో పడిపోయారట. "పగటీలి పన్నెండు దాక ఎవ్వరం చూడలే మేడం," అన్నాడు తమ్ముడు. "జల్ది దవాఖానకు తీస్కపోతే ఎట్లుండెనో."

నేను తొమ్మిదింటికే చూశాను. కమాన్‌పూర్ అరగంట దూరం. నేను దీపాన్ని వెతికాను.

నిన్న కాక ఇంటికి వెళ్ళాను. తమ్ముడి భార్య తాళం తీసి, మంచినీళ్ళిచ్చి, నన్ను లోపల వదిలి వెళ్ళింది. కంప్యూటర్ కిటికీ పక్కనుంది. పాస్‌వర్డు చీటీ మీద రాసి తెరకు అంటించారు. అలా చేయొద్దని ఎన్నిసార్లు చెప్పానో. కుర్చీ వీపుకు మంకీ క్యాపు తగిలించి ఉంది.

తెరిచాను. ఏడింటి మెయిళ్ళు వరసగా ఉన్నాయి, తెరవనివి. ఆ మూడు రోజులవీ, ఆ తర్వాతవీ, నిన్న పొద్దుటిదీ. ఒక్కటీ తప్పిపోలేదు.

అన్నీ అందాయి కాకా.