పలకల కార్ఖానాకు నేను అమ్మిన భయం

మార్కాపురంలో ఆ పలకల కార్ఖానాకు మొదటి కంప్యూటర్ పెట్టింది నేనే. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పుతాయని పేపర్లు రాస్తున్న రోజులవి. యజమాని నాకు చుట్టం కాదు, అయినా మామా అనే పిలిచేవాణ్ణి. విదేశాలకు పలకలు పంపే కాగితాలన్నీ ఆయన అందులోనే టైపు చేయించేవాడు.

"ఏందబ్బాయా, జనవరికి మన మిషను చచ్చిపోతుందంట గదా?" అని అడిగాడు.

అంతకు రెండు రోజుల ముందే నేను తేదీ ముందుకు జరిపి చూశాను. సంవత్సరం అంకెను ఒక్కసారి చేత్తో సరిచేస్తే చాలు, మిగతాదంతా మామూలుగానే నడిచింది. ఆ మాట చెప్పడానికి టీ తాగేంత సేపు కూడా పట్టదు. చెప్పలేదు. కొత్త మిషన్లు కొనిపిస్తే అమ్మే షాపువాళ్లు నాకు కమీషన్ ఇస్తారు.

"మారిస్తేనే మంచిది మామా. కాగితంలో తేదీ తప్పు పడితే సరుకు రేవులోనే ఆగిపోతుంది."

ఆయన కోత షెడ్డు వైపు చూశాడు.

"కోత షెడ్డులో దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టిద్దామని ఉంచినాను. ఆడోళ్లు ఒకటే దగ్గుతా ఉండారు. రెండూ అంటే నావల్ల కాదు. ఏది ముందో నువ్వే చెప్పు."

చదువుకున్నవాణ్ణని నన్ను అడిగాడు. కంప్యూటర్లే అన్నాను.

రెండు కొత్త మిషన్లు వచ్చాయి. రాతిదుమ్ము పడితే పాడవుతాయని వాటికి అద్దాల గది కట్టించాను. తలుపుకు తడిగోనె కూడా వేలాడదీయించాను. రాయి కోసే అక్క ఒకామె, కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ముతో, అద్దంలోంచి తొంగిచూసింది.

"ఏంది తమ్ముడా, దానికీ ఊపిరాడదా? మమ్మల్ని గూడా ఒక పూట ఆ గదిలో కూర్చోబెట్టరాదూ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జనవరి వచ్చింది, పోయింది. ఏమీ మార్చని పక్క కార్ఖానా కూడా ఎప్పటిలాగే నడిచింది. మా యజమానికి మాత్రం అనుమానం రాలేదు. "నీవల్ల గండం తప్పింది నాయనా" అని మిఠాయి పెట్టాడు. తిన్నాను.

ఫ్యాన్లు రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. అప్పటికే ఆ అక్క పని మానేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జరిగింది చెప్పేద్దామనే ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద దిండును రొమ్ముకు ఆనించుకొని కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆమే అడిగింది.

"ఫ్యాన్లు బిగించినారంట గదా తమ్ముడా. బాగా లాగుతుండాయా? మా కోడలు పనికి పోతానంటాంది. పంపమంటావా?"

"బాగానే లాగుతున్నాయక్కా."

"అట్లయితే పంపిస్తాలే," అంది. ఆమె ముఖం కొంచెం తేటపడింది.

ఇక చెప్పలేకపోయాను. ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆగానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె తిట్టే తిట్లు వినే ధైర్యం లేక ఆగాను. ఆ ఎండాకాలం దాటకముందే ఆమె పోయింది. యజమానికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఎదురుపడితే ఇవాళ్టికీ నా భుజం తడతాడు. ఆయనకూ చెప్పలేదు.