చేప తిరిగేంత పన్నా

2020 జూలై 12. ఉన్నవారు: నేను, మాస్కు కట్టుకున్న అద్దాల మేస్త్రీ, ఫోన్‌లో బావమరిది, చేప.

ఇన్నేళ్లకు ఇవాళ పగిలిన కిటికీ అద్దం మార్చడానికి అదే మేస్త్రీ వచ్చి, పని అయ్యాక గది మూలకు చూసి, ఆ చేప ఏమైందని అడిగాడు. ఆయన వెళ్లాక ఆ ఏడాది డైరీ తీసి ఈ పేజీ వెతుక్కున్నాను.

చేప నాది కాదు. నా భార్య పోయాక ఈ గదిలో నాకు తోడుగా ఉన్న ఆమె తమ్ముడు, ఎర్రతోక వాలుగ అని చెప్పి వేలెడంత పిల్లను తెచ్చాడు. పక్కన ఏ చేపను వేసినా మింగేసే జాతి కనుక దాన్ని ఒంటరిగానే ఉంచాలి. లాక్‌డౌన్‌లో ఈ పరాయి రాష్ట్రపు ఊళ్లో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగి మా వాళ్లంతా కరీంనగర్ వైపు బస్సులెక్కినప్పుడు తనూ వెళ్తూ దాన్ని నాకు అప్పగించాడు. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి అది ఏం తిన్నది, ఎంత పెరిగిందని అడిగేవాడు. నా సంగతి అడిగేవాడు కాదు, నేనూ చెప్పేవాణ్ణి కాదు. నలభై ఏళ్లు మగ్గాల మోతలో బతికినవాడికి ఆ వీధి నిశ్శబ్దం ఎలా ఉండేదో మీలో సాంచెల మీద పనిచేసినవారికి తెలుసు. రోజంతటిలో నేను వినే మనిషి గొంతు అదొక్కటే. చేప చచ్చిపోతే ఫోన్ కూడా ఆగిపోతుందని నా భయం. అందుకే ప్రతి ఆదివారం అద్దానికి టేపు ఆనించి కొలిచి రాసుకునేవాణ్ణి. మార్చిలో అడుగు కూడా లేనిది జూన్ చివరికి అడుగున్నర దాటింది.

తొట్టి మార్చక తప్పలేదు. రింగ్ రోడ్‌లో మూతపడిన ఒక చీరల దుకాణం షోకేసు అమ్ముతున్నారని తెలిసి, ఎనిమిది అడుగుల పొడవు చూసి సంబరపడి, ఊళ్లోనే అమ్రోలి పేట నుంచి ఈ మేస్త్రీని పిలిపించి తొట్టిగా అతికించాను. వెడల్పు మాత్రం అడుగుంబావు. చేప ఆ చివరికి పోయి వెనక్కి తిరగలేక, మూతి అద్దానికి ఒరుసుకుని ఎర్రబడి, రొయ్యలు వేసినా ముట్టకుండా పడి ఉంది.

ఏడింటి ఫోన్‌లో చెబితే బావమరిది కసురుకున్నాడు.

"ఏంది బావా, నలభై ఏండ్లు సాంచెలు నడిపి పన్నా జూడవైతివా? పొడుగు ఎంతుంటే ఏంది, మర్లనీకి జాగ ఉండద్దా?"

పన్నా అంటే బట్ట వెడల్పు. బట్టను ఎంత పొడవైనా నేయవచ్చు, వెడల్పు మాత్రం మగ్గం ఇచ్చినంతే. జీవితమంతా ఆ లెక్కతో బతికినవాణ్ణి మీటర్లు చూసి మోసపోయాను.

మూడడుగులు పెరిగే చేప అటూ ఇటూ తిరగాలంటే నాలుగడుగుల పన్నా కావాలని తేల్చాను. ఒకప్పుడు రెండు సాంచెలు మోసిన నేల కనుక బరువు బెంగ లేదు, కానీ గదిలో ఒక మంచం తీయాలి. కొత్త తొట్టి కట్టడానికి మళ్లీ వచ్చిన మేస్త్రీ, నా బావమరిది మంచం మీద చెయ్యి వేశాడు.

"ఇది ఖాళీగనే ఉన్నది గద కాకా."

"దాన్ని ఉండనియ్యి. నాది తియ్యి," అన్నాను.

దాని మీద వాడి పరుపు చుట్ట చుట్టినట్టే ఉంది. నేను దాన్ని పరిచి పడుకుంటే వాడు ఇక రానట్టే అవుతుందనిపించింది. అతుకులు ఆరే వరకు నాలుగు రోజులు నేల మీదే పడుకుని, పన్నెండో తేదీ సాయంత్రం చేపను తడి దుప్పట్లో ఎత్తి కొత్త నీళ్లలో వదిలాం. అది అడుగున కదలకుండా పడి ఉండడం చూసి, ఏడింటికి ఫోన్‌లో ఉన్నమాటే చెప్పాను.

మరుసటి ఏడు వాడు వచ్చాడు, కానీ పని దగ్గరని ఊరి అవతల ఇచ్ఛాపూర్‌లో గది తీసుకున్నాడు. చేప ఆ తొట్టినీ దాటి పెరిగి, ఎవరిదో తోటలో సిమెంటు కుంటకు వెళ్లింది. వీధిలో సాంచెల మోత మళ్లీ మొదలైంది, ఫోన్‌లో ఇప్పుడు ముఖాలు కూడా కనబడతాయి. ఏడింటికి మాత్రం ఎవరూ చేయరు. రెండు మంచాలూ ఇప్పటికీ వేసే ఉంచుతాను.

పదమూడో తేదీ పేజీలో రాసుకున్నది కొంచెమే. పొద్దున్నే చేప ఒక్క మలుపులో వెనక్కి తిరిగి రొయ్య అందుకుంది. సాయంత్రం దాకా ఆగలేక బావమరిది పొద్దున ఆరింటికే ఫోన్ చేశాడు. తిరిగిందని చెప్పాను. నవ్వాడు. గదిలో జాగా ఎంతో వాడికీ తెలుసు. అప్పుడు అడిగాడు:

"మరి ఇన్నొద్దులు నువ్వు ఏడ పండుకున్నవ్ బావా?"