కొల్లేటి గట్టు మీద కుర్చీలాట

తాడేపల్లిగూడెంలో మా చర్చిలో స్త్రీల సమాజంలో చేరాలంటే పెళ్ళి కావాలి. కానివాళ్ళకి యవ్వనస్థుల కూటమే గతి. అందుకే ఏలూరు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, పెళ్ళి లేకుండా బతికిన మనుషుల గురించి వ్యాసకర్తలు ఏం రాశారన్నదాని మీద పీహెచ్‌డీ చేస్తూ, నలభై దాటాక కూడా నేను ప్రతి ఆదివారం ఇంటర్ పిల్లల పక్కన కూర్చునేదాన్ని. థీసిస్‌లో రెండో అధ్యాయం ఎంతకీ కదలదు. కథల పక్కన ఇమడని, కవితల పక్కన ఇమడని వ్యాసాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో సిలబస్ వేసేవాళ్ళకే తెలియదని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేదాన్ని. రాస్తున్నది వ్యాసం గురించో నా గురించో తేలేది కాదు. కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఆ ఏడు చర్చి పిక్నిక్‌కి అందరం కొల్లేరు వెళ్ళాం. మమ్మల్ని చూడ్డానికి గూడబాతులు నోట్లో చేపల్ని వదిలేసి మరీ గట్టెక్కాయి. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మడం మావాళ్ళకి అలవాటే. షామియానా కింద స్త్రీల సమాజం గుండ్రంగా కుర్చీలేసుకుని, బొచ్చె చేపల పులుసుకి ఉల్లిపాయలు తరుగుతూ ఒకటే నవ్వులు. ఆ నవ్వుల్లో నాకూ చోటు కావాలనిపించింది. వెళ్ళి నిలబడ్డాను.

"ఏవండీ మేడం గారూ, మీవాళ్ళు అటున్నారండీ," అన్నారు పాస్టరమ్మగారు, ఎంతో మర్యాదగా. నాకన్నా చిన్నావిడ.

అటు యువతులకి కుర్చీలాట మొదలైంది. పాట ఆగినప్పుడల్లా నా స్టూడెంట్లు ఒక్కొక్కరే అవుటయ్యారు. ఆఖరికి ఒక్క కుర్చీ, నేనూ, ఒక డిగ్రీ పిల్లా మిగిలాం. పాట ఆగింది. నేను గాల్లోకి లేచి, కొల్లేరంతా ఒక చుట్టు చుట్టి వచ్చి కుర్చీలో పడ్డాను.

"అన్యాయం మేడం! తోసేశారు!"

"అటెండెన్స్ ఎవరు వేస్తారో గుర్తుందా అమ్మా?"

పాస్టరమ్మగారు స్టీలు డబ్బా పట్టుకొచ్చి, "యువతుల్లో మొదటి బహుమతి," అనేసరికి షామియానా మొత్తం కిసుక్కున నవ్వింది.

"డబ్బా ఆ పిల్లకిచ్చేయండి. నేను గెలిచింది కుర్చీ కదండీ," అని, ఆ ప్లాస్టిక్ కుర్చీని నెత్తిన పెట్టుకెళ్ళి వాళ్ళ మధ్య వేసుక్కూర్చున్నాను.

కాసేపటికి ఒక పెద్దావిడ తన కుర్చీ కొంచెం జరిపి, నా ఒళ్ళో చాకూ, ఉల్లిపాయలూ పడేశారు.

"సన్నగా తరగాలండీ. కబుర్లు బాగా చెప్తారంట కదా, కానివ్వండి."

గూడబాతుల సంగతి ఎత్తుకున్నాను. సగంలోనే వాళ్ళ మాటలు అల్లుళ్ళ మీదికి మళ్ళాయి. అటు మళ్ళీ పాట పెట్టారు. నా కాలు ఆడ్డం మొదలెట్టింది. అయినా లేవలేదు. లేస్తే ఇంకెవరైనా కూర్చుంటారు.