నా పేరు మీద పడిన గోల్

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర రాయమన్నప్పుడే నావల్ల కాదని చెప్పి ఫోన్ పెట్టెయ్యాల్సింది. మొహమాటం నా కొంప ముంచింది. పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి సావనీరు వేస్తున్నారట, అందులో ఫుట్‌బాల్‌కు నాలుగు పేజీలు ఉంచారట, నేను పీఈటీ మాస్టారిని కాబట్టి నేనే రాయాలట. ఫోన్ చేసింది మా పాత కెప్టెన్. తిరువూరు మెయిన్ రోడ్డులో ఎరువుల షాపు అతనిది. వద్దన్నవాడి చేత కూడా నాలుగు బస్తాలు కొనిపించి పంపగల మనిషి.

నాలుగు పేజీలకు సరిపడా చరిత్ర మాకుంటే కదా! మా గోల్‌పోస్టులు రెండు జామాయిలు కర్రలు, పైన అడ్డంగా కొబ్బరితాడు. బంతి ఆ తాడు కింద నుంచి వెళ్ళిందో, పైనుంచి వెళ్ళిందో తేల్చుకోవడానికి ఆడిన సమయం కంటే ఎక్కువ సమయం పట్టేది. బనియన్ల మీద పెయింటుతో నంబర్లు వేసుకుంటే రెండు ఉతుకులకు ఎనిమిది కాస్తా మూడయ్యేది. ఏటా అంతర్ కళాశాలల పోటీలకు వెళ్ళేవాళ్ళం, మొదటి మ్యాచ్ ఓడిపోయి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాళ్ళం. నేను చదివిన మూడేళ్ళలో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అదీ ఒక్క గోల్‌తో.

ఆ గోల్ గురించి ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెప్పమని వాట్సాప్ గ్రూపులో అడిగాను. అడిగినందుకు నా చెప్పుతో నేను కొట్టుకోవాలి. జోరువానలో పడిందని ఒకడు రాశాడు. ఆ రోజు మాడు పగిలే ఎండ. సగం మైదానం బంతిని ఒంటరిగా తీసుకెళ్ళి కొట్టిన గోల్ అని ఇంకొకడు. అవతలి గోల్‌కీపర్ వెక్కివెక్కి ఏడవడం కళ్ళారా చూశానని మరొకడు. వీడసలు ఆ రోజు మాతో బస్సే ఎక్కలేదు. ఇన్ని తేడాల మధ్య ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఆ గోల్ కొట్టింది నేనట!

"నేను కాదు" అని రాశాను. దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. "మాస్టారి వినయం చూసి నేర్చుకోండ్రా" అని ఒకడు. నా ఫొటోకు పూలదండ తగిలించి ఇంకొకడు పెట్టాడు. బతికున్నవాడి ఫొటోకు దండేమిటన్న జ్ఞానం కూడా లేదు. ఒళ్ళు మండిపోయి, ఆ గోల్ కొట్టిన మనిషి పేరుతో సహా జరిగిందంతా రాసి పంపాను. రెండు నిమిషాల్లో అది మాయమైంది. గ్రూపుకు అడ్మిన్ మా కెప్టెనే.

జరిగింది ఇదీ. ఆ రోజుల్లో మా జట్టుకు ఒక అలవాటుండేది. మాకే కాదు, మాతో ఆడిన చాలా జట్లకూ ఉండేది. లిస్టులో ఉన్నవాడు ఆడలేకపోతే, బాగా ఆడే బయటివాణ్ణి అతని పేరు మీద దింపడం. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. రిఫరీ అడిగితే తడబడకుండా ఉండాలని బస్సులో దారి పొడవునా అతన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళం. తండ్రి పేరు, గ్రూపు, రోల్ నంబరు బట్టీ పట్టించేవాళ్ళం. గుర్తింపు కార్డు మీద ఫొటో ఎటూ వెలిసిపోయి ఉండేది.

ఆ మ్యాచ్‌కు మూడు రోజుల ముందు నా చీలమండ బెణికింది. నా పేరు మీద దిగినవాడు మాతో మొదటి ఏడాది చదివి, ఇంట్లో పనిచేసే చేతులు చాలక మానేసినవాడు. పగలంతా పొలం పనులకు వెళ్ళి, సాయంత్రం తన ఊరు పెనుగొలను నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి మాతో ఆడేవాడు. మా పదకొండు మందిలో ఎవరికీ రాని ఆట అతనికి వచ్చు. నేను కాలికి పసుపూ సున్నమూ పట్టు వేసుకుని, వేరే ఊరివాడిలా జనంలో కూర్చున్నాను. కార్నర్ నుంచి వచ్చిన బంతిని అతను ఎగిరి తలతో కొట్టాడు. అంతే. వాన లేదు, సగం మైదానం పరుగూ లేదు. మా వాళ్ళు అతన్ని భుజాల మీదకెత్తుకుని నా పేరు అరుస్తూ మైదానమంతా తిప్పారు. అక్కడ కూర్చుని నేనూ నా పేరే అరిచాను.

సర్టిఫికెట్టు కూడా నా పేరు మీదే వచ్చింది. దాన్ని చూపించే వ్యాయామ శిక్షణలో సీటు తెచ్చుకున్నాను, ఆ మీదట ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు విజిల్ ఊది మరీ చెబుతున్నాను, ఫౌల్ చేస్తే చెయ్యెత్తి ఒప్పుకోవాలని.

గ్రూపులో నా మెసేజ్ తీసేసిన మర్నాడు షాపుకు వెళ్ళి కెప్టెన్‌ను నిలదీశాను. ఎదురుగా ఉన్న రైతును పంపించి, నా వైపు తిరిగాడు.

"నీకేమన్నా పిచ్చెక్కిందేంట్రా? రెండేళ్ళలో రిటైరవుతావు. ఇప్పుడు కొరివితో తల గోక్కుంటావా?"

"మరి వాడి సంగతేంటి?"

"వాడేమన్నా అడిగాడా? అడగని వాడి కోసం నువ్వెందుకు గింజుకుంటున్నావ్? ఆ రోజు పేరు మార్చి దింపింది నేను. నువ్వు రాస్తే నా పరువు కూడా పోద్ది. నోరు మూసుకుని నాలుగు పేజీలు రాసివ్వు."

అతని మీద ఎంత కోపం వచ్చిందంటే, ఇచ్చిన టీ తాగకుండా లేచొచ్చాను. నిజానికి ఆ కోపంలో సగం, అతను చెప్పింది నాకు కాస్త ఊరటగా ఉన్నందుకే.

అడగాల్సినవాణ్ణి అడగడం కష్టమేమీ కాదు. అతను ఇప్పుడు విస్సన్నపేట, తిరువూరు మధ్య షేర్ ఆటో నడుపుతున్నాడు. మా బడికి నేను వెళ్ళొచ్చేది ఆ దారిలోనే. ప్యాసింజర్లుంటే "మాస్టారూ, ముందుకు రండి" అంటాడు, ఎవరూ లేకపోతే "ఏరా" అంటాడు. ఆ సాయంత్రం ఎవరూ లేరు. గోల్ సంగతి అతని పేరుతో పుస్తకంలో రాస్తానన్నాను.

"మా ఆవిడకి చెప్పాను, పిల్లలకి చెప్పాను. కోతలు కొయ్యకు నాన్నా అంటారు. కాయితం చూపించమంటారు. కాయితమేమో నీ దగ్గరుందాయె" అని నవ్వాడు. తర్వాత అడిగాడు, "రాస్తే నీ ఉద్యోగానికేం కాదుగా?"

"ఏమోరా, తెలీదు."

"అయితే వద్దులే."

"నీకు బాధగా లేదా?"

"ఎందుకుండదు? ఉంది. ఏం చేస్తాం మరి?"

ఇలాంటి మంచితనంతో వేగడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. నా గల్లా పట్టుకుని, నా గోల్ నాకిచ్చెయ్యరా అని అరిచి ఉంటే ధైర్యంగా రాసేవాణ్ణి అనుకున్నాను. అదీ అబద్ధమే. అరిచినా రాసేవాణ్ణి కాదేమో.

ఆదివారం కూర్చుని నాలుగు పేజీలూ రాశాను. జామాయిలు కర్రలు, కొబ్బరితాడు, బనియన్ల మీద నంబర్లు అన్నీ వచ్చాయి. ఆ మ్యాచ్ దగ్గర అతని పేరు రాశాను, కొట్టేశాను. మళ్ళీ రాసి, ఆ కాగితమే చింపేశాను. చివరికి "మన జట్టు ఒక గోల్ కొట్టి గెలిచింది" అని రాసిచ్చాను. కనీసం నా పేరు పెట్టుకోలేదు కదా అని సమాధానపడటానికి ప్రయత్నించాను.

సమ్మేళనానికి అతన్ని ఎవరూ పిలవలేదు. ఏడాదికే మానేసినవాడి పేరు ఏ రిజిస్టర్లో ఎవరు వెతుకుతారు? నాకు మాత్రం వేదిక మీద శాలువా కప్పి, ఆ గోల్ గురించి రెండు ముక్కలు చెప్పమని మైకిచ్చారు. గొంతు సవరించుకున్నాను. ముందు వరసలో కెప్టెన్ నా కళ్ళలోకే చూస్తున్నాడు. వచ్చినవాళ్ళందరికీ కృతజ్ఞతలు చెప్పి దిగిపోయాను.

సోమవారం ఆటో స్టాండులో అతనికి సావనీరు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఆటోలో కూర్చున్నవాళ్ళు తొందరపెడుతున్నా, నిదానంగా చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగాడు.

"బాగా రాశారు మాస్టారూ" అన్నాడు. జనం ఉన్నారు కదా.

పేజీ తిప్పాడు. ఆ ఏటి జట్టు సభ్యుల జాబితా అక్కడుంది. పై నుంచి ఒక్కో పేరు మీదా వేలు పెట్టుకుంటూ వచ్చి, నా పేరు దగ్గర ఆపాడు. చుట్టూ ఒకసారి చూసి, నాకు మాత్రమే వినబడేలా మెల్లగా అన్నాడు.

"ఇదిగోరా, నేను ఇక్కడున్నా."